తిమ్మరాయన్ చెప్పని అంకె

ఇండూరు తిమ్మరాయన్ పశువుల సంతలో దళారి. తమిళనాడు ధర్మపురి మాటలో తరగరి. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి బేరం తెంచడం అతని పని. తాత అదే చేశాడు, తండ్రీ అదే చేశాడు. వాళ్ళు ఎప్పుడో ఉత్తరం నుంచి వచ్చి ఆ ఎర్రనేలలో కుదురుకున్న తెలుగువాళ్ళు. ఎప్పుడు వచ్చారో, ఎందుకు వచ్చారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తిమ్మరాయన్ తమిళం కూడబలుక్కుని చదువుతాడు. తెలుగు అక్షరం అతనికి ముగ్గుతో సమానం.

సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడి చేతినీ దళారి చేతినీ ఒక తుండుగుడ్డ కప్పుతుంది. దాని కింద వేళ్ళు మాట్లాడతాయి. చుట్టూ ఎంతమంది మూగినా వాళ్ళకు కనబడేవి రెండు ముఖాలు. ఆ ముఖాల మీద ఏమీ కనబడనివ్వకపోవడమే అక్కడి చదువు. తిమ్మరాయన్ ముఖం గోడ అని సంతలో పేరు.

ఆ చదువు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఎంత అని ఎదుటివాడు అడిగితే అంకె నువ్వు చెప్పకూడదు, వాడి చేత చెప్పించాలి. వాడు విసుక్కుని పక్కకు పోతే వెంట పడకూడదు. నిలబడాలి. వస్తాడు. ఇక ఎద్దుకు చెడ్డ సుడి ఏదైనా ఉంటే, అడిగినవాడి దగ్గర దాచకూడదు, అడగనివాడికి వేలు పెట్టి చూపకూడదు. ఇన్నేళ్ళలో తిమ్మరాయన్ ఒక్క అబద్ధం ఆడలేదు. అడిగిన ప్రతివాడికీ సుడి చూపించాడు. అందుకే అతని మాట మీద కళ్ళు మూసుకుని పగ్గం అందుకునేవాళ్ళు ఉండేవారు.

అతనికి ఒక్కతే కూతురు, కనకవల్లి. చిన్నప్పుడు ఆమెను సంతకు తీసుకుపోయేవాడు. ఇంటికి వచ్చాక తండ్రీ కూతురూ తుండు కింద చేతులు పెట్టి ఆడుకునేవారు. వేళ్ళ భాష ఆమెకు తొందరగా పట్టుబడింది.

“నాయనా, నాలుగు వేళ్ళు పట్టుకుంటే నాలుగే కాదు, నలభై కూడా, నాన్నూరు కూడా. ఏదో నీకెట్ల తెలుస్తాది?” అని ఒకసారి అడిగింది.

“పక్కన నిలబడిన పశువును చూస్తే తెలుస్తాది పాపా. బక్క దూడ నిలబడితే ఒకటి, జోడెద్దులు నిలబడితే ఒకటి.”

“అయితే అంకెకు సొంతంగా బలమే లేదా?”

తిమ్మరాయన్ నవ్వి భార్యను పిలిచాడు. “రంగనాయకమ్మా, విన్నావా? నీ కూతురు తరగరి అయితాది.”

“అవనీ. నీ మాదిరి ముఖం మాత్రం వద్దు,” అంది రంగనాయకమ్మ పొయ్యి దగ్గరి నుంచి. “నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో కట్టుకున్నదానికే తెలీదు.”

కనకవల్లి తరగరి కాలేదు. లెక్కల్లో పడింది. ధర్మపురి బడిలో ప్లస్‌టూ చదివేనాటికి, లెక్కలు చెప్పే నరసింహన్ సారు తనకు అనుమానం వచ్చిన చోట ఆమెను లేపి అడిగేవాడు. ఆయనదీ తెలుగిల్లే, ఊరు అదియమాన్‌కోట్టై. పుస్తకం చూపిన దారి వదిలి ఆమె ఇంకో దారిలో జవాబు దగ్గరికి వెళ్ళేది. నడుమ వరసలు రాసేది కాదు. అవి ఆమెకు రాయనక్కరలేనంత తేటగా కనిపించేవి.

పబ్లిక్ పరీక్షలో అదే దెబ్బ తీసింది. పేపరు దిద్దేవాళ్ళు వరసలకు మార్కులు వేస్తారు. వరసలు లేని చోట కోశారు. లెక్కల్లో రెండు వందలకు నూట అరవై ఎనిమిది వచ్చింది. ఇండూరులో అది పెద్ద అంకె. మద్రాసులో కాదు.

అది ఎనభై అయిదో సంవత్సరం. ఇంజనీరింగు, డాక్టరు చదువులకు ప్రవేశ పరీక్ష అని ఒకటి పెట్టారు. అప్పటికి అది కొత్త. నరసింహన్ సారు బలవంతం మీద కనకవల్లి సేలం వెళ్ళి రాసి వచ్చింది. అక్కడ వరసలు ఎవరూ అడగలేదు. నాలుగు జవాబులు ఇస్తారు, ఒకటి ఎంచుకోవాలి. మార్కుల కార్డు వచ్చింది. లెక్కల్లో నూటికి అరవై ఒకటి. ఫిజిక్సులో ముప్పై నాలుగు. కెమిస్ట్రీలో ఇరవై రెండు. మూడూ కలిపితే ఇంజనీరింగుకు చాలదు. ఆమెకు ఇంజనీరింగు మీద ఆశ కూడా లేదు. ఆమెకు కావలసింది లెక్కలు. మద్రాసులో ఆడపిల్లల కాలేజీ ఒకటుంది. అక్కడ లెక్కల బీయెస్సీలో సీటు దొరకడం కుందేటికొమ్మే. కానీ దొరికిందా, దాని తరవాత ఎక్కడికైనా వెళ్ళి ఎంతదాకానైనా చదవవచ్చునని సారు చెప్పాడు. ఆ సీటు తప్ప కనకవల్లి ఆ ఏడు ఇంకేదీ కోరుకోలేదు.

ఆ కాలేజీ దరఖాస్తు చివర ఒక వాక్యం అచ్చు వేశారు. ప్రవేశ పరీక్ష రాసినవాళ్ళు ఆ మార్కుల కార్డు జత చేయవచ్చు, తప్పనిసరి కాదు.

ఆ వాక్యం మీదే ఆదివారం పొద్దున తిమ్మరాయన్ ఇంటి అరుగు మీద వాదం నడిచింది. నరసింహన్ సారు సైకిలు దిగీ దిగగానే మొదలుపెట్టాడు.

“కార్డు పెట్టండన్నా. అది లేకుండా పంపిస్తే కుప్పలో ఒకటి అయిపోతాది పాప.”

“తప్పనిసరి కాదని వాళ్ళే అచ్చు వేసినారంటివి కదా సారూ?”

“వేసినారు.”

“అడగనిదాన్ని మనం ఏంటికి చూపించల్లా? ఈ పక్క చూస్తే నూట అరవై ఎనిమిది. ఆ పక్క చూస్తే అరవై ఒకటి, ముప్పై నాలుగు, ఇరవై రెండు. చూసినోళ్ళు ఏమనుకుంటారు? ఏదో పొరపాటున బడిలో మార్కులు పడినాయి, సరుకు ఇంతే అనుకోరా?”

“అది ఇన్నూటికి. ఇది నూటికి.”

“అట్ల చూసినా తక్కువే కదా. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు.”

లోపలి నుంచి రంగనాయకమ్మ కాఫీ తెచ్చి సారు ముందు పెట్టింది. “లెక్క వచ్చిన మనిషే! ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళకు వస్తాయో చెప్పమంటే ఆకాశం పక్క చూస్తాడు.”

నరసింహన్ నవ్వలేదు. “అన్నా, నా మాట వినండి. సేలంలో రాసినోళ్ళ మార్కులు నేను విచారించినాను. లెక్కల్లో నలభై వచ్చినోడే కాలరు ఎగరేస్తా ఉండాడు. బడి పరీక్షకు బట్టీ పట్టొచ్చు. దీనికి కుదరదు. ఈ అరవై ఒకటి చూసినోళ్ళకు తెలుస్తాది, ఈ పిల్ల ఏమిటో.”

“తెలిసినోళ్ళు చూస్తే తెలుస్తాది. తెలియనోళ్ళు చూస్తే?”

“కాలేజీలో ఉండేది తెలిసినోళ్ళే అన్నా.”

“సారూ, తప్పుగా అనుకోవద్దండి. మీరు ఒక పెయ్యనన్నా అమ్మినారా ఎప్పుడైనా?”

“లేదు.”

“అదే నేను చెప్పేది.”

“పాప పెయ్య కాదు కదన్నా!”

గడపలో కూర్చుని రాగుల్లో రాళ్ళు ఏరుతున్న కనకవల్లి ఫక్కున నవ్వింది. తిమ్మరాయన్ కూడా నవ్వాడు. వాదం కొంచెం చల్లబడింది. చివరికి ఇద్దరూ ఒక చోటికి వచ్చారు. దరఖాస్తుతో కార్డు పంపరు. ఇంటర్వ్యూకు పిలిస్తే వెంట తీసుకుపోతారు. వాళ్ళు నోరు తెరిచి అడిగితే వెంటనే చేతికిస్తారు.

“అడిగితే ఇస్తారు కదా? మాట?” అన్నాడు నరసింహన్ సైకిలు ఎక్కుతూ.

“అడిగితే దాచే వంశం కాదు సారూ మాది,” అన్నాడు తిమ్మరాయన్. అన్నప్పుడు అది నిజమే.

ఇంటర్వ్యూకు పిలిచారు. తండ్రీ కూతురూ ముందురోజే మద్రాసు చేరి, రంగనాయకమ్మ తరఫు చుట్టాల ఇంట్లో దిగారు. పొద్దున్నే తిమ్మరాయన్ తెల్ల చొక్కా వేసుకుని, ఉతికిన తుండు భుజం మీద వేసుకున్నాడు. కార్డును మడత పడకుండా బనియను లోపలి జేబులో పెట్టుకున్నాడు. పశువులు అమ్మినప్పుడు డబ్బు పెట్టుకునే జేబు అది. అంతకంటే భద్రమైన చోటు అతనికి తెలియదు.

కాలేజీ వరండా పొడుగునా పిల్లలూ తల్లిదండ్రులూ. అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. చెప్పులు విడిచి కూర్చున్నవాడు తిమ్మరాయన్ ఒక్కడే. కనకవల్లి చెవి దగ్గరికి వచ్చి, “చెప్పులు వేసుకో నాయనా,” అంది. అతను వేసుకున్నాడు.

లోపలికి ఇద్దరినీ పిలిచారు. బయటూళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలతో హాస్టలు సంగతి మాట్లాడడానికి తండ్రిని కూడా పిలవడం అక్కడి పద్ధతి. గదిలో ముగ్గురు ఉన్నారు. నడుమ కళ్ళద్దాల ఆవిడ, లెక్కల ప్రొఫెసరు. ఆవిడకు అటొకరూ ఇటొకరూ మగవాళ్ళు. మాటలు తమిళంలో సాగాయి.

ఆవిడ బోర్డు మీద ఒక లెక్క రాసింది. కనకవల్లి కాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. తరవాత రెండే రెండు ముక్కలు రాసి జవాబు వేసింది.

“నడుమ ఏమైంది?” అంది ఆవిడ.

కనకవల్లి నోటితో చెప్పింది. మొదట తడబడింది. తరవాత తడబాటు పోయింది. ఒకచోట ఆవిడ తలెత్తి పక్కనున్నాయన వైపు చూసింది. తిమ్మరాయన్‌కు లెక్క అర్థం కాలేదు. ఆ చూపు అర్థమైంది. పశువు నచ్చిన మనిషి పక్కవాడి వైపు చూసే చూపు అది. అతని ముఖం గోడ అయింది.

ఆవిడ దరఖాస్తు తిరగేసింది. నూట అరవై ఎనిమిది దగ్గర పెన్సిలు ఆగింది.

“ప్రవేశ పరీక్ష రాశావా అమ్మా?”

“రాశాను మేడమ్.”

“లెక్కల్లో ఎంత వచ్చింది? కార్డు తెచ్చారా?”

కనకవల్లి తండ్రి వైపు తిరిగింది. ఆవిడ కూడా తిమ్మరాయన్ వైపు చూసి చెయ్యి చాచింది.

ఎంత అని అడిగారు. చెయ్యి చాచారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ రెండూ కలిసి ఎదురైన ప్రతిసారీ అతను చేసింది ఒక్కటే. ఆలోచించే లోపలే నోరు ఆ పని చేసేసింది.

“మీకు ఎంత ఉంటే సరిపోతుందమ్మా?” అన్నాడు.

పక్కనున్నాయన ముందు నవ్వాడు. “ఇక్కడ బేరాలు ఉండవు పెద్దాయనా.”

ఆవిడ నవ్వలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. “లేకపోతే పరవాలేదు. అది తప్పనిసరి కాదు,” అని దరఖాస్తు మూసి పక్కన పెట్టింది.

అప్పుడైనా తియ్యవచ్చు. కార్డు ఛాతీకి తగులుతూనే ఉంది. కానీ కొనేవాడు పక్కకు తప్పుకున్నప్పుడు వెంటపడినవాడి సరుకు చవక అయిపోతుందని అతని ఒంట్లో ఎముక ఎముకకూ తెలుసు. నచ్చిందని ఆ చూపు చెప్పింది. నచ్చినవాళ్ళు పోరు. మళ్ళీ అడుగుతారు. అతను నిలబడ్డాడు.

హాస్టలు సంగతి రెండు మాటలు అడిగారు. వెళ్ళి రమ్మన్నారు.

వరండాలోకి రాగానే కనకవల్లి అతని చొక్కా పట్టుకుంది. “నాయనా, కార్డు ఇయ్యలేదే?”

“ఉండు పాపా. పిలుస్తారు.”

“ఎవరు పిలుస్తారు?”

“వాళ్ళే. ఆయమ్మకు నువ్వు నచ్చినావు. నేను చూసినాను కదా.”

వాళ్ళు కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తిమ్మరాయన్ కొంచెం లేచేవాడు. ఇంకొకరి పేరు పిలిచేవారు. కూర్చునేవాడు. మధ్యాహ్నం కళ్ళద్దాలావిడ భోజనానికి వాళ్ళ ముందు నుంచే వెళ్ళింది. కనకవల్లి లేచి నిలబడింది. తండ్రి కదలలేదని చూసి, ఆవిడకు దారి ఇవ్వడానికి లేచినట్టుగా పక్కకు జరిగింది. వరండా పలచబడింది. ఎండ స్తంభాల మీద నుంచి దిగి నేల మీదికి వచ్చింది. సాయంత్రం నౌకరు వచ్చి కిటికీలు వేస్తూ అడిగాడు.

“ఎవరి కోసం పెద్దాయనా?”

“ఇంటర్వ్యూకు వచ్చినాం.”

“అయిపోయిందే. అయ్యగార్లందరూ వెళ్ళిపోయారు.”

తిమ్మరాయన్ తలుపు వైపు చూశాడు. తాళం పడి ఉంది. ఆ గదికి ఇంకో వైపు కూడా తలుపు ఉంటుందని అతనికి అప్పటిదాకా తోచలేదు.

జాబితాలో పేరు లేదని పోస్టుకార్డు వచ్చింది. నరసింహన్ సారు దాన్ని చదివి వినిపించి, “అడగలేదా అన్నా వాళ్ళు?” అన్నాడు. తిమ్మరాయన్ బనియను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. కనకవల్లి గడప వైపు తల తిప్పుకుంది. సారు ఇద్దరినీ చూసి, ఇంకేమీ అడగకుండా సైకిలు ఎక్కాడు. ఆ తరవాత సారు ఆ అరుగు మీద కూర్చోలేదు. దారిలో కనబడితే నమస్కారం పెట్టేవాడు.

తిమ్మరాయన్ ఒక్కడే మళ్ళీ మద్రాసు వెళ్ళాడు. ఆ వారం సంత మానేశాడు. కళ్ళద్దాలావిడ గది కనుక్కుని, వాకిట్లో నిలబడి, రమ్మన్నాక లోపలికి వెళ్ళి, జేబులోంచి కార్డు తీసి రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

ఆవిడ చదివింది. కళ్ళద్దాలు తీసింది.

“ఆ రోజు అడిగాను కదా మిమ్మల్ని.”

“అడిగారమ్మా.”

“అప్పుడు మీ దగ్గర ఉందా ఇది?”

“ఉంది.”

ఎందుకు ఇవ్వలేదని ఆవిడ అడుగుతుందనుకున్నాడు. దారి పొడుగునా జవాబు కూడబెట్టుకున్నాడు. ఆవిడ అడగలేదు.

“మీ అమ్మాయి బోర్డు మీద చేసిన లెక్క నాకు ఇంకా గుర్తుంది,” అంది. “కానీ పబ్లిక్ పరీక్షలో మార్కు అంత లేదు. రెంటిలో ఏది నమ్మాలో తేలక అడిగాను. చివరి సీటు దగ్గర మేం ముగ్గురం చాలాసేపు కూర్చున్నాం. నా చేతిలో ఏదైనా ఉండి ఉంటే వాళ్ళిద్దరినీ ఒప్పించేదాన్ని.”

“ఇప్పుడు ఉంది కదమ్మా.”

“ఆ సీటులో ఇంకో అమ్మాయి చేరింది. తరగతులు మొదలయ్యాయి. ఆ పిల్లను లెమ్మని ఎలా చెప్పను?”

తిమ్మరాయన్ తల ఊపాడు. పగ్గం చేతులు మారాక బేరం లేదు. అది అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

“తప్పు నాది. పిల్లది కాదు,” అన్నాడు.

“ఆ మాట పిల్లతో చెప్పండి. వచ్చే ఏడు మళ్ళీ వేయమనండి.” ఆవిడ కార్డును అతని వైపు జరిపింది. “ఈసారి ఇది జత చేయండి.”

ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా అంతా చెప్పాడు. రంగనాయకమ్మ గోడకు ఆనుకుంది. ఏదో ఒకటి ఎత్తిపొడిచే మనిషి ఆ రోజు ఒక్క ముక్క అనలేదు. అది తిమ్మరాయన్‌కు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

కనకవల్లి మాత్రం, “అది మంచి మార్కని నాకు తెలుసు నాయనా. సారు చెప్పినారు కదా,” అంది.

“తెలిస్తే నువ్వెందుకు నోరు తెరవలేదే? అరవై ఒకటి అని ఒక్క మాట అనుంటే?”

“నువ్వు బేరంలో ఉండావు కదా. నడుమ మాట్లాడకూడదు కదా.”

అవును. ఆమెకు ఆరేళ్ళప్పుడు సంతలో, తుండు కింద చేతులున్నప్పుడు ఏదో అడగబోతే కన్నెర్ర చేసి నేర్పించిన సంగతి అది. ఆమె బాగా నేర్చుకుంది.

మరుసటి ఏడు కనకవల్లి దరఖాస్తు వేయలేదు. అప్పటికి ధర్మపురి కాలేజీలో చేరి ఒక ఏడు చదివేసింది. దాన్ని వదిలి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి ఇష్టపడలేదు. “ఆ గదిలోకి మళ్ళీ పోలేను,” అని తల్లితో అంది. తండ్రితో అనలేదు. అప్పటి నుంచి ఆమె తన సంగతులు తండ్రికి ముగిశాకే చెప్పేది. బీయెస్సీ పాసయ్యాక ఒకరోజు వచ్చి, టీచరు ట్రైనింగుకు సేలంలో చేరానని చెప్పింది. దానికి వేసిన దరఖాస్తు తిమ్మరాయన్ చూడలేదు. కొన్నాళ్ళకు, పాలక్కోడు వైపు తుంబలహళ్లి బడిలో లెక్కల టీచరుగా పని దొరికిందని చెప్పింది. పెళ్ళి మాట ఎత్తితే, “ఇప్పుడు కాదు,” అని పుస్తకం తీసుకుని పక్కకు వెళ్ళేది. కోపం లేదు. మాట్లాడకుండా ఉండడమూ లేదు. అన్నం పెట్టేది, జ్వరం వస్తే పక్కన కూర్చునేది. సలహా మాత్రం అడగదు. అడగకపోవడం ఎంత బరువో తిమ్మరాయన్ ఆ ఏళ్ళలో తెలుసుకున్నాడు.

సంతలో అతని పని సాగుతూనే వచ్చింది. మనుషులు నమ్మేవాళ్ళు. వేళ్ళు ఎప్పటిలాగే మాట్లాడేవి. అయితే ఎప్పుడు మొదలైందో అతనికే తెలియకుండా ఒక అలవాటు పట్టుకుంది. టీకొట్టు బల్ల మీద కూర్చున్నప్పుడో, పక్కవాడి కొడుకు చదువు మాట వచ్చినప్పుడో, ఎవరూ అడగకుండానే చెప్పేవాడు.

“మా పాపకు ప్రవేశ పరీక్షలో లెక్కల్లో అరవై ఒకటి.”

“నూటికా?” అనేవాడు పక్కవాడు.

“నూటికే.”

“అంతేనా? మావాడికి డెబ్బై మూడు, ఎనిమిదో క్లాసులో.”

అప్పుడు తిమ్మరాయన్ విడమరిచి చెప్పేవాడు. ఆ పరీక్ష వేరు, అందులో నలభై వస్తేనే గొప్ప, మద్రాసులో ప్రొఫెసరమ్మ కళ్ళద్దాలు తీసి చూసింది. చెప్పేకొద్దీ మాట పొడుగయ్యేది. వినేవాడు టీ తాగేసి గ్లాసు పెట్టేసి లేచేవాడు. తోటి దళారి మాదేశన్ అందరి ముందూ ఆటపట్టించేవాడు. “ఏం తరగరీ, ఎవరూ పళ్ళు పట్టి చూడకముందే వయసు చెప్పేస్తా ఉండావే! సంతలో ఇట్ల చేస్తే నీకు గంజి కూడా దొరకదు.” తిమ్మరాయన్ నవ్వేవాడు కాదు. మరునాడు ఇంకొకడికి చెప్పేవాడు. బస్సులో పక్కన కూర్చున్నవాడికి చెప్పాడు. ఎద్దు కొనడానికి వచ్చిన ఒక రైతుకు, ధర తేలకముందే చెప్పాడు. ఆ రైతు అనుమానంగా చూసి ఇంకో దళారి దగ్గరికి వెళ్ళాడు.

ఒక సోమవారం పొద్దున ధర్మపురి బస్టాండులో కనకవల్లి పాలక్కోడు బస్సు కోసం నిలబడి ఉంది. ఏదో పని మీద వచ్చిన తిమ్మరాయన్ కొంచెం దూరంలో మాదేశన్‌తోనూ, ఎవరో కొత్త మనిషితోనూ మాట్లాడుతున్నాడు. ఆమె ఉన్న సంగతి చూసుకోలేదు.

“అరవై ఒకటి అంటే మీకు తెలీదు. ఆ ఏడు ఈ జిల్లాలో...” అంటున్నాడు.

కొత్త మనిషి మర్యాదకు తల ఊపుతున్నాడు. మాదేశన్ అతని వెనక నుంచి కన్ను గీటుతున్నాడు.

కనకవల్లి వచ్చి తండ్రి మోచేతి దగ్గర నిలబడింది. “నాయనా, ఇట్ల రా.”

ఇద్దరూ పక్కకు వచ్చారు.

“ఎన్నాళ్ళుగా చెప్తా ఉండావు ఇట్ల?”

“గొప్పే కదా పాపా. చెప్తే ఏమి?”

“బడిలో పిల్లలు నన్ను అడుగుతా ఉండారు. అరవై ఒకటి టీచర్ అంటా ఉండారు. ఎక్కడి నుంచి పోయిందో తెలీలేదు ఇన్నాళ్ళూ.”

తిమ్మరాయన్ తల వంచుకున్నాడు. “దాచినందుకు కదా పోయింది నీ చదువు. అందుకనే...”

“అది నా మార్కు నాయనా.” ఆమె గొంతు పెంచలేదు. “అప్పుడు దాచిపెట్టినావు. ఇప్పుడు ఊరంతా పంచి పెడతా ఉండావు. దాచేటప్పుడు నన్ను అడగలేదు. పంచేటప్పుడూ నన్ను అడగలేదు.”

ఆ అరుగు మీద వాదం నడిచిన ఆదివారాన్ని అతను మనసులో వెతుక్కున్నాడు. తను అన్న మాటలు దొరికాయి, సారు అన్న మాటలు దొరికాయి, రంగనాయకమ్మ ఎత్తిపొడుపు దొరికింది. కూతురు అన్న మాట ఒక్కటి కూడా దొరకలేదు. ఆమె నవ్విన నవ్వు ఒకటి మాత్రం ఉంది.

పాలక్కోడు బస్సు వచ్చి నిలబడింది. కనకవల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్టు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. తిమ్మరాయన్ కిటికీ దాకా వచ్చాడు. కడ్డీ పట్టుకుని, గోడ లాంటి ఆ ముఖంలో ఏదో కదులుతుండగా అడిగాడు.

“నీ మనసులో ఏముండింది పాపా అప్పుడు? కార్డు పంపల్లని ఉండిందా, వద్దని ఉండిందా?”

ఆమె అతన్ని చూసింది.

“ఇప్పుడా నాయనా అడిగేది?” అంది.

కండక్టరు విజిల్ ఊదాడు. తిమ్మరాయన్ కడ్డీ వదిలాడు. బస్సు మలుపు తిరిగింది. మాదేశన్ టీకొట్టు దగ్గరి నుంచి పిలిచాడు. తిమ్మరాయన్ అటు వెళ్ళలేదు. ఆ రోజు సంత లేదు. ఇండూరు వైపు వెళ్ళే దారి పట్టి, బస్సు వచ్చేదాకా ఆగకుండా, నడక మొదలుపెట్టాడు.